శివారు చేనుకి నీళ్లు: నాలుగు గంటల 'జస్టిస్ లీగ్'లో తిరిగొచ్చిన సన్నివేశాలు

మంచు కురుస్తున్న ఫుట్‌బాల్ మైదానం. విక్టర్ స్టోన్ ఆడుతున్నాడు. గ్యాలరీలో తల్లి లేచి నిలబడి కొడుకు కోసం కేకలు వేస్తోంది. ఆమె పక్క సీటు ఖాళీ, తండ్రి రాలేదు. ఆట అయ్యాక కారులో ఇంటికి వస్తూ కొడుకు ఆ ఖాళీ సీటు గురించే నిష్ఠూరమాడతాడు, తల్లి సర్దిచెప్పబోతుంది, ఆ మాటల్లో ఉండగానే ప్రమాదం. తల్లి పోతుంది. కొనఊపిరితో ఉన్న కొడుకుని శాస్త్రవేత్త అయిన తండ్రి వేరే లోకపు యంత్రంతో బతికిస్తాడు. కొడుకు బతుకుతాడు గానీ ఒంట్లో చాలా భాగం లోహమే మిగులుతుంది. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ లాంటి సూపర్‌హీరోలు కలిసి పోరాడే 'జస్టిస్ లీగ్' 2017 నవంబరులో థియేటర్లకొచ్చినప్పుడు అందులో ఈ ఘట్టం లేదు. అదే సినిమాకి దర్శకుడి సొంత వెర్షన్‌గా 2021 మార్చి 18న విడుదలైన 'జాక్ స్నైడర్స్ జస్టిస్ లీగ్'లో ఉంది. రెండు సినిమాల మధ్య తేడా ఎంతని ఎవరైనా అడిగితే ముందుగా చూపించాల్సింది ఈ ఘట్టమే.

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకి దీన్ని వివరించడం తేలిక. దాళ్వా రోజుల్లో పైన లాకు దగ్గర తూము దించేస్తే ఆ పక్క చేలకి ఏమీ తెలియదు, వాళ్ల బోదెలో నీళ్లు ఇంకా పారుతూనే ఉంటాయి. తెలిసేది శివారు రైతుకి. నాలుగు రోజులు గడిచి, పొట్ట మీదున్న చేను నెర్రెలు తీశాక తెలుస్తుంది. సినిమాలో సన్నివేశం తీసేయడమూ అచ్చంగా ఇంతే. మొదటి గంటలో ఐదు నిమిషాలు కోసేస్తే ఆ గంట ఇంకా వేగంగా పరిగెడుతుంది, చూసేవాళ్లకి హాయిగానే ఉంటుంది. ఎండిపోయేది క్లైమాక్స్. అక్కడ హీరో కన్నీళ్లు పెట్టుకుంటాడు, మనకి ఎందుకో అర్థం కాదు.

2017 వెర్షన్ నిడివి 120 నిమిషాలు, 2021 వెర్షన్ 242 నిమిషాలు. అంటే రెట్టింపుకి రెండు నిమిషాలు ఎక్కువ. కూతురు మరణంతో దర్శకుడు జాక్ స్నైడర్ 2017 మేలో సినిమా నుంచి తప్పుకున్నారు. తర్వాత జాస్ వీడన్ రీషూట్లు చేసి పూర్తిచేశారు. రెండు గంటల్లో ముగించాలని స్టూడియో పట్టుబట్టిందని అప్పట్లో అంతటా రాశారు. నిడివి తగ్గితే రోజుకి ఆటలు పెరుగుతాయి, ఈ లెక్క మన పాలకొల్లు, భీమవరం థియేటర్ల వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. మన దగ్గరైతే మొదటి రోజు టాక్ చూసి సెకండాఫ్‌లో పదిహేను నిమిషాలు ట్రిమ్ చేస్తారు, రెండో వారం కొత్త సీన్లు కలిపామని పోస్టరు వేస్తారు. ఈ సినిమాలో జరిగింది ట్రిమ్ కాదు. పాత్రల వేళ్లు కోశారు, ఆ ఖాళీల్లో కొత్తగా తీసిన సీన్లు నాటారు. సూపర్‌మ్యాన్ వేసిన హెన్రీ కావిల్‌కి ఆ సమయంలో వేరే సినిమా కోసం మీసం ఉంది. రీషూట్ సీన్లలో దాన్ని గ్రాఫిక్స్‌తో చెరిపేశారు. మొట్టమొదటి ఫోన్ వీడియో సీన్లోనే పైపెదవి బిగుసుకుపోయినట్టు కనిపించడానికి కారణం అది.

మామూలుగా బ్లూ-రే డిస్క్‌లో 'డిలీటెడ్ సీన్స్' అని విడిగా ఒక మెనూ ఉంటుంది. అక్కడ దొరికేవి చాలావరకు పచ్చి సరుకు. గ్రాఫిక్స్ పూర్తికావు, రంగు సరిచేయరు, తాత్కాలిక సంగీతం వేసి వదిలేస్తారు. పైగా వాటి ముందూ వెనకా ఏ సీన్ ఉండేదో తెలియకుండా చూస్తాం, కాబట్టి 'తీసేసి మంచిపని చేశారు' అనిపించడం సహజం. 2017 డిస్క్‌లో సూపర్‌మ్యాన్ తిరిగిరావడం మీద రెండు ముక్కలు మాత్రమే ఇచ్చారు. వాటిని చూసి లోపల ఇంత సినిమా దాగుందని ఊహించడం ఎవరి తరమూ కాదు. 2021 వెర్షన్ విలువ అక్కడే ఉంది. తీసేసిన సీన్లను పూర్తిచేసి, వాటి చోట్లో వాటిని పెట్టి, సంగీతం కూడా కొత్తగా చేయించారు. 2017లో డానీ ఎల్ఫ్‌మన్ చేసిన సంగీతం పోయి టామ్ హోల్కన్‌బోర్గ్ సంగీతం వచ్చింది. పోల్చి చూసుకోవడానికి ఇంత మంచి పాఠం సూపర్‌హీరో సినిమాల్లో ఇంకోటి దొరకదు.

సైబోర్గ్, అంటే సగం యంత్రమైన విక్టర్ పాత్రని వరసగా పట్టుకుని చూడండి. మొదట కాలేజీ గొడవ వస్తుంది. స్నేహితురాలి ఇంట్లో కష్టాలున్నాయని విక్టర్ కాలేజీ కంప్యూటర్‌లోకి చొరబడి ఆమె గ్రేడ్లు మారుస్తాడు, తల్లి అతని పక్షాన వాదిస్తుంది. యంత్రం కాకముందే యంత్రాల్లోకి దూరగలడు, దూరింది ఇంకొకరి కోసం. ఈ రెండు సంగతులూ ఒకే చిన్న సీన్లో తేలిపోయాయి. తర్వాత ఆట, ఖాళీ సీటు, ప్రమాదం. ఆపైన తండ్రి సైలస్ టేప్‌లో రికార్డు చేసి పెట్టిన మాటలు. అణ్వాయుధాలైనా, ప్రపంచపు డబ్బు లెక్కలైనా ఇప్పుడు నీ చేతుల్లో ఉన్నాయని ఆ గొంతు చెబుతుంది. అంత శక్తి చేతికొచ్చిన కుర్రాడు మొదట ఏం చేస్తాడు? ఇల్లు ఖాళీ చేయాల్సిన పరిస్థితిలో ఉన్న ఒక వెయిట్రెస్ ఖాతాలో డబ్బు పడేలా చేస్తాడు. ఆమె ఏటీఎం ముందు నిలబడిపోతుంది, ఇతను కనపడకుండా చూస్తాడు. మాటలు దాదాపు లేని ఈ సీన్ తీసేస్తే సైబోర్గ్ అంటే మూలన కూర్చుని తండ్రి మీద విసుక్కునే మనిషి మాత్రమే. 2017లో అతను సరిగ్గా అలాగే కనిపించాడు.

ఈ వరసలో అసలు దెబ్బ సైలస్ చావు. విక్టర్‌ని బతికించిన ఆ వేరే లోకపు యంత్రం పేరు మదర్ బాక్స్. అది శత్రువు చేతికి పోవడం ఖాయమని తెలిశాక, అది ఎక్కడున్నా ఆచూకీ దొరకాలని సైలస్ లేజర్‌తో దాన్ని విపరీతంగా వేడెక్కిస్తాడు. అది చేయాలంటే తను లోపలే ఉండాలి. గాజు తలుపు అవతల నుంచి కొడుకు చూస్తుండగా కాలిపోతాడు. ఆటకి రాని తండ్రి కొడుకు ప్రపంచాన్ని కాపాడగలిగేలా చేయడానికి ప్రాణం ఇచ్చాడు. 2017 సినిమాలో సైలస్ చివరిదాకా బతికే ఉంటాడు, బాక్స్‌ని వేడెక్కించే ఘట్టమే లేదు. ఆ తండ్రీకొడుకులకి రాజీ కుదిరిందనిపించింది గానీ, దానికి ఎవరూ ఏమీ చెల్లించలేదు.

ఇక క్లైమాక్స్. మూడు బాక్సులు కలిసిన యంత్రం లోపలికి విక్టర్ మనసుతో దూరినప్పుడు అది అతనికి తల్లినీ తండ్రినీ చూపిస్తుంది, పాత ఒంటిని ఆశ చూపిస్తుంది. నువ్వు విరిగిపోయావు, బాగుచేస్తామంటుంది. తను విరిగిపోలేదని, ఒంటరి కూడా కాదని విక్టర్ తిప్పికొడతాడు. మైదానం సీన్ లేకుండా ఈ జవాబు వింటే అది ఒక పంచ్ డైలాగు. ఉంటే, సినిమా మొత్తం దాని కోసమే నడిచిందనిపిస్తుంది. ఉపసంహారంలో సైలస్ గొంతు టేప్‌లో మళ్లీ వినిపిస్తుంది, మిగతా వీరులందరి దృశ్యాలూ ఆ గొంతు మీదే సాగుతాయి. విక్టర్‌గా చేసిన రే ఫిషర్ ముఖంలో సగం గ్రాఫిక్స్ కిందకి పోయినా మిగిలిన సగంతోనే పాత్రని నిలబెట్టాడు. తండ్రిగా చేసిన జో మార్టన్ గొంతే సినిమాకి వెన్నెముక. అందుకే ఇంగ్లిష్ వచ్చినవాళ్లు అసలు ఆడియోలోనే చూడటం మంచిది. వేరే భాషలో చూడాలనుకుంటే కొనేముందు ఆడియో, సబ్‌టైటిల్ భాషల జాబితా చూసుకోండి, అమ్మే చోటుని బట్టి అది మారుతుంది.

ప్రతినాయకుడి విషయంలో లాభం ఇంకా స్పష్టం. 2017లో స్టెపెన్‌వుల్ఫ్ వచ్చాడు, బాక్సులు కావాలన్నాడు, ఓడిపోయాడు. ఎందుకు కావాలో గుర్తుండదు. కొత్త వెర్షన్‌లో అతను యజమాని డార్క్‌సైడ్ దగ్గర తప్పు చేసి వెలివేతకి గురైనవాడు. ఇంకా యాభై వేల లోకాలు గెలిచి ఇస్తేగానీ బాకీ తీరదు. మధ్యవర్తి డిసాడ్ ముందు తలవంచి నిలబడే సీన్లు చేర్చారు. దాంతో భూమి మీదికొచ్చింది రాక్షసుడే అయినా, షావుకారు గుమాస్తా ముందు చేతులు కట్టుకున్న బాకీదారుడి బెదురు అతని కళ్లలో కనిపిస్తుంది. ముగింపు కూడా మారింది. 2017లో అతని భయాన్ని పసిగట్టి సొంత సైన్యమే మీద పడుతుంది. 2021లో వండర్ వుమన్ డయానా అతని తల నరికితే అది ద్వారం దాటి యజమాని కాళ్ల దగ్గర పడుతుంది. ఇంటికి చేరాలన్న ఆశని ముందుగా చూపించారు కాబట్టే ఆ చివరి షాట్ బరువుగా ఉంటుంది.

మెరుపు వేగంతో పరిగెత్తే ఫ్లాష్, అంటే బ్యారీ అలెన్‌కి జరిగింది శివారు ఎండడానికి ఇంకో ఉదాహరణ. కాంతి వేగానికి దగ్గరగా పరిగెత్తితే కాలం తారుమారవుతుందని, అందుకే ఆ హద్దు దాటనని అతను ముందే చెబుతాడు. ఆ లీడ్ ఉంది కాబట్టి క్లైమాక్స్‌లో అంతా పేలిపోయాక, తండ్రిని తలుచుకుంటూ కాలాన్ని వెనక్కి తిప్పే పరుగు పండింది. 2017లో ఆ పరుగు తీసేశారు. బదులుగా రష్యన్ కుటుంబాన్ని ట్రక్కుతో సహా నెట్టి కాపాడే పని ఇచ్చారు. పనిగా అది మంచిదే, ఊళ్లో జనం ఉన్నారని గుర్తుచేస్తుంది. కానీ బ్యారీ ఆ పని చేయడానికి మారాల్సిన అవసరం ఏమీ లేదు. పాత్ర ఎదుగుదలకి గట్టి పరీక్ష ఇదే: మొదటి రీలులోని మనిషి కూడా ఆ పని చేయగలిగితే అతను ఎదగనట్టే.

తిరిగొచ్చిందంతా బంగారమేమీ కాదు. సముద్రపు వీరుడు ఆక్వామ్యాన్, అంటే ఆర్థర్ సముద్రంలోకి దిగిపోయాక ఒడ్డున ఆడవాళ్లు పాట అందుకుంటారు, ఒకామె అతని స్వెటర్ వాసన చూస్తుంది. నిమిషాలు పోతాయి, ఆర్థర్ గురించి కొత్తగా ఒక్క ముక్క తెలియదు. ఐరిస్‌ని బ్యారీ ప్రమాదం నుంచి కాపాడే సీన్ కాలాన్ని అతను ఎలా చూస్తాడో అందంగా చూపిస్తుంది గానీ, ఆ అమ్మాయి మళ్లీ సినిమాలో కనిపించదు. స్లోమోషన్ వాడకం మితిమీరింది. అరగంట తీసేసినా ఏ పాత్రకీ గీత పడదు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు సూపర్‌మ్యాన్ తల్లి మార్తా, అతని ప్రియురాలు లూయిస్ మాట్లాడుకునే సీన్‌ది. కొడుకుని పోగొట్టుకున్న తల్లి, ప్రియుణ్ని పోగొట్టుకున్న ప్రియురాలు. నెమ్మదిగా సాగే మాటలు, గొంతులో నిజాయితీ. లూయిస్ మళ్లీ లోకంలోకి అడుగుపెట్టడానికి కావలసిన ఊతం అది. తీరా మార్తా గుమ్మం దాటాక ఆమె రూపం మార్చగల వేరే గ్రహపు వీరుడు మార్షియన్ మ్యాన్‌హంటర్‌గా మారిపోతుంది. అంటే అంతసేపు మాట్లాడింది తల్లి కాదు. ఒక్క షాట్‌తో ఇద్దరు స్త్రీల బంధం గాలిలో కలిసిపోయింది, మార్తాకి సినిమాలో మిగిలిన అతి మంచి క్షణం ఆమెది కాకుండా పోయింది. ఆ షాట్ ఒక్కటీ కోసేస్తే సీన్ అక్షరాలా వజ్రం. ఉపసంహారంలో బ్యాట్‌మ్యాన్‌కి పాత శత్రువు జోకర్ కనిపించే కల కూడా ఇలాంటిదే. 2020లో కొత్తగా తీసి చేర్చారు. అది రాని సినిమాకి ట్రైలరులా ఉంటుంది, ఈ సినిమాలో మొదలైన దేన్నీ ముగించదు.

సీన్లు కలిపితే పాత్ర దానంతట అదే పెరగదని ఇంకో సినిమా రుజువు చేసింది. 2014 నాటి 'ఎక్స్-మెన్: డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్'కి మరుసటి ఏడాది 'రోగ్ కట్' పేరుతో 17 నిమిషాలు కలిపారు. రోగ్ అనే పాత్రని విడిపించి తీసుకొస్తారు, కిటీ అనే మరో పాత్ర చేస్తున్న పనిని ఆమె అందుకుంటుంది. పేరు ఆమెదే గానీ ఆమె ఏం కోరుకుంటుందో, ఏం మారిందో చెప్పే సీన్ లేదు. కథలో మలుపు పెరిగింది, మనిషి పెరగలేదు. దీనికి ఎదురుగా 2016 నాటి 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' అల్టిమేట్ ఎడిషన్ పెట్టండి. అందులో 30 నిమిషాలు కలిశాయి. క్లార్క్, అంటే మామూలు మనిషి వేషంలోని సూపర్‌మ్యాన్, విలేకరిగా బ్యాట్‌మ్యాన్ ఊరు గోథమ్ వీధుల్లో తిరిగి బ్యాట్‌మ్యాన్ గురించి ఆరా తీస్తాడు. వీల్‌చెయిర్‌లో సీసం పొర ఉండటం వల్లే లోపలి బాంబు సూపర్‌మ్యాన్ కంటికి ఆనలేదని తేలుతుంది. పేలుడు తర్వాత క్షతగాత్రుల్ని అతను మోసుకెళ్లడం కనిపిస్తుంది. థియేటర్ వెర్షన్‌లో మొహం చిన్నబుచ్చుకుని మాయమైపోయినట్టుండే మనిషి ఇక్కడ చేయగలిగింది చేసి బాధపడే మనిషి అయ్యాడు. కలిపింది చిన్న చిన్న ముక్కలే, కానీ సరిగ్గా తూము దగ్గర కలిపారు.

చూసే పద్ధతి గురించి కొన్ని మాటలు. సినిమా ఆరు భాగాలు, ఒక ఉపసంహారం. ఒక్క కూర్చోపుగా కన్నా రెండు రాత్రులు పెట్టుకోండి. మొదటి రాత్రి మూడు భాగాలు, రెండో రాత్రి మిగతావి. విక్టర్ గతం మూడో భాగంలో వస్తుంది, దాన్ని సగంలో ఆపకండి. రెండు వెర్షన్లూ పోల్చాలనుకునేవాళ్లు 2017ది ముందు చూడాలి. తర్వాతిది ముందు చూస్తే మెదడు ఖాళీల్ని తనే నింపేసుకుంటుంది, లోపం ఎక్కడుందో పట్టుకోలేరు.

బొమ్మ చదరంగా, పాత డబ్బా టీవీ ఆకారంలో వస్తుంది. ఎడమా కుడీ నల్లపట్టీలు చూసి టీవీ చెడిందనో ప్రింటు బాగోలేదనో అనుకోవద్దు. 35 ఎం.ఎం. ఫిల్ము మీద ఐమాక్స్ తెరని దృష్టిలో పెట్టుకుని తీశారు, నిష్పత్తి 1.33:1. 2017ది 1.85:1. ఇప్పటి టీవీ వెడల్పులో ఈ బొమ్మ ముప్పావు వంతే ఆక్రమిస్తుంది. 43 అంగుళాల టీవీలో 35 అంగుళాల బొమ్మ, 55లో 45 అంగుళాలు. కాబట్టి మామూలు కన్నా రెండడుగులు ముందుకి జరిగి కూర్చోండి. రిమోట్‌లో జూమ్ నొక్కి తెర నింపితే పైనా కిందా కలిపి పావు వంతు బొమ్మ పోతుంది. స్ట్రెచ్ నొక్కితే మనుషులు మూడోవంతు లావెక్కుతారు. 'ఒరిజినల్' అనో '4:3' అనో ఉన్నది ఎంచుకోండి. 2021 వెర్షన్ రంగులు కావాలనే చీకటిగా, బూడిదగా ఉంచారు. పగలు కిటికీలు తీసి చూస్తే రాత్రి పోరాటాలు మసక ముద్దలా కనిపిస్తాయి. టీవీలో 'వివిడ్' తీసేసి 'సినిమా' మోడ్ పెట్టుకుని, లైటు ఆపి చూడండి.

ఇంటర్నెట్‌లో హెచ్‌డీ నాణ్యతకి గంటకి సుమారు 3 జీబీ ఖర్చవుతుంది. మొత్తం సినిమాకి 12 జీబీ పైనే. రోజుకి 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెడితే నలభై నిమిషాలకే ఆగిపోతుంది. ఫైబర్ లైన్ లేని లంక ఊళ్లలో ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం ఉత్తమం. తుపాను రోజుల్లో కరెంటు పోయినా అలాగైతే ఇబ్బంది ఉండదు. డిస్క్ కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. 4కే డిస్క్‌లకి రీజియన్ తాళం ఉండదు. మామూలు బ్లూ-రేకి ఉండొచ్చు. మన దేశం సి రీజియన్, అమెరికా ఎ రీజియన్. అక్కణ్నుంచి చుట్టాలు తెచ్చిన బ్లూ-రే ఇక్కడి ప్లేయర్‌లో ఆడకపోవడానికి సాధారణంగా కారణం అదే. 4కే సెట్‌లో సినిమా రెండు డిస్కుల మీద ఉంటుంది. దర్శకుడి వ్యాఖ్యానం వస్తుందని ఆశపడకండి.

పిల్లలతో చూసే సినిమా కాదు. అమెరికాలో దీనికి ఆర్ రేటింగ్. రక్తం ఉంది, బూతు మాటలు ఉన్నాయి, లండన్‌లో ఉగ్రవాదుల దాడి సీన్లో హింస 2017 కన్నా బాగా ఎక్కువ. ఆ సీన్ చివర్లో ఒక చిన్నపిల్ల తను కూడా డయానాలా కాగలనా అని అడుగుతుంది, ఏం కావాలనుకుంటే అది కాగలవని డయానా చెబుతుంది. పది సెకన్ల మాట. గోడలు పగలగొట్టే వీరవనిత మోకాలి ఎత్తు పిల్లతో ఎలా మాట్లాడుతుందో దానితో తెలిసింది.

నాలుగు గంటలు కుదరనివాళ్లు 2017 సినిమా చూసేసి ఉంటే, 2021 వెర్షన్‌లో మూడో భాగం, సైలస్ ప్రయోగశాలలో చనిపోయే ఘట్టం, క్లైమాక్స్‌లో విక్టర్ యంత్రంలోకి దూరే సీన్, ఉపసంహారంలో టేపు గొంతు వినిపించే చోటు, ఈ నాలుగూ ఈ వరసలోనే చూడండి.  జోకర్ కల మొదలవగానే ఆపేయొచ్చు.